సమస్య: “ఎండ కాయఁగాయ నెక్కెఁ జలియు”

పృచ్ఛకుడు (సన్నీవేల్):
ఈ వారం సమస్య ఇది. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మన వారాంతపు షికార్లు. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం, హాఫ్ మూన్ బే, మాంటెరీ అక్వేరియం, బ్రెంట్‌వుడ్ చెర్రీ తోటలు, ఎక్కడికైనా తీసుకెళ్ళండి. యతికి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) బదులు ప్రాసయతి వాడుకోవచ్చు. గడువు ఆదివారం రాత్రి.

ఫ్రీమాంట్ బావగారు:
మొదటి బోణీ నాదే.

ఆదివారమనుచు నందరుఁ గదలంగ
లోయ వేడికెక్క లోని గాలి
పైకి లేచిపోవఁ బడమటి మంచొచ్చె
ఎండ కాయఁగాయ నెక్కెఁ జలియు

పాలకొల్లు మాస్టారు:
బావగారూ, సమస్యను నిజంగా విప్పారు. వేసవిలో చలి వేసిందని చెబితే సరిపోదు ఇక్కడ. “కాయఁగాయ” అన్నాడు పృచ్ఛకుడు, అంటే ఎండ ఎంత పెరిగితే చలీ అంత పెరగాలి. ఈ లంకె చూపించని పూరణ సగం పూరణే.

మీరు దాన్ని వాతావరణంలోనే పట్టుకున్నారు. మా అబ్బాయి దగ్గరికి వచ్చిన మొదటి వేసవిలో ఈ సంగతి నాకు బోధపడలేదు. సాక్రమెంటో వైపు సెంట్రల్ వ్యాలీ నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలుతుంటే అక్కడి గాలి తేలికై పైకి లేస్తుంది, పీడనం పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి పసిఫిక్ మీది గాలి లోపలికి వస్తుంది. తీరం పొడుగునా కొండలు అడ్డం కాబట్టి, దానికి దొరికే పెద్ద సందు గోల్డెన్ గేట్. వాయవ్యపు గాలులకు సముద్రం అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది, దాని మీద తేమ గాలి చల్లబడి మంచవుతుంది కనుక ఆ గాలి వస్తూ వస్తూ పొగమంచును కూడా వెంటబెట్టుకుని వస్తుంది. లోపల ఎండ మండేకొద్దీ శాన్ ఫ్రాన్సిస్కోలో స్వెట్టర్ వేసుకోవాలి. జూలైలో ఆ ఊళ్ళో పగటి వేడి సగటున డెబ్బై డిగ్రీలు కూడా చేరదు. సెప్టెంబరు వస్తేగాని అక్కడ అసలు వేసవి రాదు.

ఇక దోషం ఒక్కటే. “మంచొచ్చె” వాడుక మాట, పద్యంలో ఇమడలేదు. “మంచుబ్బె” అంటే గణమూ నిలుస్తుంది, పొగమంచు పొంగి రావడమూ కనిపిస్తుంది.

ఫ్రీమాంట్ బావగారు:
మార్చేశాను మాస్టారూ. “చలియు”లో ఆ “యు” దేన్ని కలుపుతోందో కూడా ఎవరైనా చెబితే బాగుండు.

పృచ్ఛకుడు:
దేన్నీ కలపదు. ఒక అక్షరం తక్కువైంది, అంతే.

కోటు మరిచినవాడు:
నా అనుభవమే రాస్తున్నాను, నవ్వకండి.

కోటు వద్దటంచు గొప్పగాఁ జెప్పితి
వంతెనెక్కఁగానె వణుకు పుట్టె
రేవుకొట్టులోన రెండింత లిచ్చితి
ఎండ కాయఁగాయ నెక్కెఁ జలియు

శాన్ రామోన్ కోడలు:
ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర ఊరి పేరు రాసి ఉన్న ఆ ఉన్ని కోట్లు మా ఇంట్లో మూడు ఉన్నాయండీ, చుట్టాలు వచ్చినప్పుడల్లా ఒకటి చేరుతుంది. వద్దని గొప్పగా చెప్పింది ఎవరితోనో పద్యంలో లేదు గానీ మాకు అర్థమైంది.

పాలకొల్లు మాస్టారు:
యతులు మూడూ శుభ్రం. “రెండింత లిచ్చితి” అన్నది ఒక్కటే చాలు, కోటు కొన్నానని చెప్పకుండానే చెప్పింది. అయితే నా మొదటి మాట మీదే ఉన్నాను. చలి ఉంది, ఎండ ఏదీ? వంతెన మీద వణికాడు, బాగుంది. ఎండకూ ఆ వణుకుకూ లంకె లేదు. నూటికి అరవై.

శాన్ రామోన్ కోడలు:
అయితే నాకూ అరవయ్యేనేమో. మా అమ్మ విజయవాడ నుంచి వచ్చినప్పుడు హాఫ్ మూన్ బే వెళ్ళిన ముచ్చట:

రోళ్ళు పగులు నెండరోజులందున నమ్మ
శాలువొకటి కప్పి చలికి నోర్చె
ఇదియు నెండయేన యింటి కేఁగుద మనె
ఎండ కాయఁగాయ నెక్కెఁ జలియు

పాలకొల్లు మాస్టారు:
అమ్మా, మూడో పాదానికి నేను పడిపోయాను. రోహిణీకార్తె చూసిన మనిషి హాఫ్ మూన్ బే ఒడ్డున నిలబడి “ఇదీ ఒక ఎండేనా” అనడం మన ఆడవాళ్ళు మాట్లాడినట్టే ఉంది. కాని చలికి ఓర్చిన ఆవిడ ఇంటికి పోదామని ఎందుకంటుంది? రెండో పాదం చివర “చలికి వడఁకె” అంటే అర్థం అతుకుతుంది. వడఁకె న-గణమే (మూడు లఘువులు) కాబట్టి ఛందస్సుకు ఇబ్బంది లేదు.

కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. పద్యం రాయడం ఇదే మొదలు. కాస్త టెన్షన్‌గానే ఉంది.

చెర్రితోటలోన పిల్లలు మురియంగ
కారులోనఁ దండ్రి గాలి పెంచె
వెనుక సీటువారి వినతిని వినఁడాయె
ఎండ కాయఁగాయ నెక్కెఁ జలియు

(గాలి అంటే ఏసీ అండీ.)

పాలకొల్లు మాస్టారు:
బ్రాకెట్టు అక్కర్లేదు నాయనా, తెలిసింది. బ్రెంట్‌వుడ్‌లో మే నెలాఖరున నెత్తి మాడుతుంది. చెర్రీలు కోసి, డబ్బాలు తూకం వేయించి, కారెక్కగానే నాన్నగారి చెయ్యి ఏసీ బటన్ మీదికి పోతుంది. బయట ఎండ పెరిగేకొద్దీ లోపల వెనక సీట్లో చలి. పొగమంచు జోలికి పోకుండానే “కాయఁగాయ” తీరింది! ఈ దారి నాకు తట్టలేదు.

మొదటి పాదంలో యతి తప్పింది. “చె”కు నాలుగో గణం మొదట చ, జ, శ, స వంటిది ఇ-ఎ స్వరంతో రావాలి, మీరు “పి” వేశారు. ఇలా సవరించుకోండి: “చెర్రితోటలోనఁ జిన్నవాండ్రాడంగ”.

ఫ్రీమాంట్ బావగారు:
ఇంకొకటి పెడుతున్నాను. రెడ్‌వుడ్ చెట్ల కింద మా పిక్నిక్.

వాన లేని నెలల మానులు బ్రతుకంగ
మంచు రాలి నేల మట్టి తడిసె
పిక్నికునకుఁ దేఁగ బిగిసెను పులిహోర
ఎండ కాయఁగాయ నెక్కెఁ జలియు

కొత్త సభ్యుడు:
మాస్టారూ, మొదటి పాదంలో “వా”కు “మా” ఎలా కుదిరింది? నాకైతే తప్పన్నారు కదా.

పాలకొల్లు మాస్టారు:
అది ప్రాసయతి. వాన, మాను: మొదటివి రెండూ గురువులు, రెండో హల్లు రెంటిలోనూ “న”. మీ “చెర్రి, పిల్ల”లో ర్రకూ ల్లకూ పొత్తు కుదరదు.

బావగారూ, మొదటి రెండు పాదాల్లో ఉన్నది నిజం. వేసవిలో ఇక్కడ వాన దాదాపు ఉండదు. పొగమంచు ఆకుల మీద చేరి బొట్లుబొట్లుగా వేళ్ళ దగ్గర రాలుతుంది, ఆ మహావృక్షాలు దానితో నెట్టుకొస్తాయి. కానీ మూడో పాదంలో మీరు పులిహోర విప్పింది ఎక్కడ?

ఫ్రీమాంట్ బావగారు:
ముయిర్ వుడ్స్‌లో అనుకున్నాను.

శాన్ రామోన్ కోడలు:
అక్కడ పిక్నిక్ చేయనివ్వరు బావగారూ. 2018 నుంచి పార్కింగ్‌కు కూడా ముందే రిజర్వేషన్ ఉండాలి. ఫెల్టన్ దగ్గర హెన్రీ కోవెల్ పార్కు అనుకోండి, బల్లలూ ఉంటాయి, చెట్లూ ఉంటాయి. పద్యంలో ఊరి పేరు లేదు కాబట్టి బతికిపోయారు.

పృచ్ఛకుడు:
గడువు అయిపోయింది. నా ఓటు ఏసీకి, యతి సవరించాక. శాస్త్రం చెప్పినందుకు బావగారి మొదటి పద్యానికి రెండో స్థానం. కోడలమ్మా, మీరు “వడఁకె” మార్చి పెడితే అన్నీ ఒకచోట చేరుస్తాను.

శాన్ రామోన్ కోడలు:
ఫోన్‌లో అమ్మకు చదివి వినిపించానండీ. “నేనేమీ వణకలేదే, ఊరికే ఇంటికి పోదామన్నాను” అంటోంది. కాబట్టి “ఓర్చె” అలాగే ఉంచండి. మాస్టారు చెప్పిన అర్థదోషం ఏమైనా ఉంటే అది మా అమ్మదే.