అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పేరుకున్న థర్మకోల్‌ను ఏం చేయాలి?

నిజాంపేట్ అసోసియేషన్:
మాది 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. దసరా, దీపావళి కొనుగోళ్ళ తర్వాత ఫ్రిజ్‌లు, టీవీలతో వచ్చిన థర్మకోల్ సెల్లార్‌లో నడుమెత్తు పేరుకుంది. పాత సామాన్లవాళ్ళు అట్టపెట్టెలు పట్టుకెళ్ళి దీన్ని వదిలేస్తున్నారు. చెత్త ఆటో అతనూ వద్దంటున్నాడు. వాచ్‌మన్ కాల్చేస్తానంటాడు, ఇంకొకరు పెట్రోల్‌లో కరిగించమంటారు. అసలు దీన్ని నిషేధించారు కదా?

దానా వ్యాపారి:
పాత సామాన్లవాళ్ళను తప్పు పట్టలేం సార్. థర్మకోల్‌లో 98 శాతం గాలే. ప్యాకింగ్ రకం ఘనమీటరుకు 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. ముప్పావు టన్ను మోసే ట్రాలీలో మూడు ఘనమీటర్లు కుక్కినా 60 కిలోలు దాటదు, డీజిల్ ఖర్చు కూడా రాదు. అదే కాంపాక్టర్‌లో (నొక్కి ముద్ద చేసే యంత్రంలో) పడితే ఆ ట్రాలీ సరుకంతా ఒక్క గోనెసంచిలో పట్టే ముద్ద అవుతుంది. దాన్నుంచి దానా, అంటే ప్లాస్టిక్ గుళికలు తీసి ఫొటో ఫ్రేముల పట్టీలు చేస్తారు. కాబట్టి చుట్టుపక్కల నాలుగైదు అపార్ట్‌మెంట్లు కలిసి ఒకే రోజు ట్రాలీ మాట్లాడుకోండి. పంపేముందు కొనేవాళ్ళ గోడౌన్‌కు ఫోన్ చేసి కాంపాక్టర్ ఉందా, ‘6’ నంబర్ నురగ (రీసైక్లింగ్ గుర్తుల్లో థర్మకోల్ నంబర్ అది) తీసుకుంటారా అని అడగండి. మామూలు ప్లాస్టిక్ గ్రైండింగ్ వాళ్ళకు ఇది పనికిరాదు.

చెత్త వేరుచేద్దాం:
పంపేముందు వేరు చేయడం ముఖ్యం. వంచితే పుటుక్కున విరిగి గింజలు రాలేది థర్మకోల్. వంగి మళ్ళీ యథాస్థితికి వచ్చే మెత్తటి తెల్ల షీటు పాలిథిలిన్ నురగ, అది వేరే సంచిలో వేయాలి. రెండూ కలిస్తే ముద్ద పాడవుతుంది, కొనేవాడు మొత్తం లోడు వెనక్కి పంపేస్తాడు. టేపు, లేబుళ్ళు, పిన్నులు పీకేయండి. చేపల పెట్టెలు, కూర అంటిన ట్రేలు కలపొద్దు. గింజల సందుల్లోకి దిగిన నీచు నీళ్ళు కడిగినా పోవు. వాన తగలని చోట పెట్టండి, కానీ కరెంటు మీటర్ల గదికి, జనరేటర్‌కు దూరంగా. నిప్పు అంటుకుంటే క్షణాల్లో పాకుతుంది.

రసాయనం మాస్టారు:
వాచ్‌మన్‌ను దయచేసి ఆపండి. కాల్చినప్పుడు లేచే నల్లటి మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్, థర్మకోల్‌కు మూలపదార్థమైన స్టైరీన్ ఆవిరి వస్తాయి. స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో ‘బహుశా క్యాన్సర్ కలిగించేది’ అనే వర్గంలో చేర్చింది. పెట్రోల్ ఆలోచన ఇంకా ప్రమాదం. థర్మకోల్ మాయమైనట్టే కనిపిస్తుంది గానీ లోపలి గాలి పోయి ప్లాస్టిక్ జిగురులా మిగులుతుంది, మండే గుణం మరింత పెరుగుతుంది. ఆ జిగురును ఎవరూ కొనరు.

నిషేధం సంగతి: 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఆగినవి అలంకరణ థర్మకోల్, ప్లేట్లు, కప్పుల్లాంటివి. ఫ్రిజ్, టీవీల చుట్టూ వచ్చే ప్యాకింగ్ ఆ జాబితాలో లేదు. ఇకముందు డెలివరీ చేసేవాళ్ళతోనే వెనక్కి పంపేలా గేటు దగ్గర నియమం పెట్టుకోండి, మీకు సగం భారం తగ్గుతుంది.

నిజాంపేట్ అసోసియేషన్:
చాలా మంచి వివరాలు, ధన్యవాదాలండీ. చోటు సరిపోక పెద్ద ముక్కలు విరుస్తున్నారు, సెల్లారంతా గింజలే. ఎలా ఎత్తాలి?

చెత్త వేరుచేద్దాం:
విరవడం ఆపించండి. తప్పనిసరైతే పెద్ద గోనెసంచి లోపలే విరిచి మూతి కట్టేయాలి. రాలిన గింజలు చీపురుకు, చేతికి అతుక్కుంటాయి, పొడి చీపురుతో ఊడిస్తే గాలికి లేస్తాయి. తడి గుడ్డతో ఒత్తి ఎత్తండి. పైపుతో నీళ్ళు మాత్రం కొట్టించొద్దు. ఆ గింజలు డ్రైనేజీ జాలీలోంచి జారి నాలాలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి పోతాయి. అవి మునగవు, కుళ్ళవు. ఎండకు పెళుసెక్కి ఇంకా చిన్నవవుతాయి, చేపలు వాటిని మేత అనుకుని మింగుతాయి. మొదట సెల్లార్ డ్రెయిన్ నోటికి సన్న దోమతెర కట్టించి, ఆ తర్వాత శుభ్రం మొదలుపెట్టించండి.