500016 సంఖ్య కారణాంకాల గురించి ఒక సందేహం

బేగంపేటలోని మా ఇంటి చిరునామా కవరు మీద రాస్తుండగా, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ పిన్‌కోడ్ ఎలాంటి సంఖ్యని అడిగింది. కవరు వెనకే పెన్సిలుతో విడగొడితే 500016 = 16 × 3 × 11 × 947 అని తేలింది. దీనికి 40 కారణాంకాలున్నాయి. ఆ సంఖ్యను వదిలి మిగిలిన 39 కలిపితే 9,10,608 వచ్చి మూల సంఖ్యను మించుతున్నందున ఇది సమృద్ధ సంఖ్య. తన అంకెల మొత్తమైన 12తో ఈ సంఖ్య శేషం లేకుండా భాగించబడుతుంది కనుక, గణితవేత్త కాప్రేకర్ గారు పేరుపెట్టిన హర్షద్ సంఖ్య కూడా (ఆ పేరు అమ్మాయికి భలే నచ్చింది).

చిక్కంతా ఇక్కడే ఉంది. 1 నుంచి 500016 వరకు ప్రతి సంఖ్యనూ దీని వేర్వేరు కారణాంకాల మొత్తంగా రాయగలమా? 947ను పక్కన పెడితే మిగిలే 528కి ఉన్న 20 కారణాంకాలతో 1 నుంచి 1,488 వరకు ఏ సంఖ్యనైనా రాబట్టవచ్చు, ఆ 1,488 ఎలాగూ 947 కన్నా పెద్దదే. ఈ ఒక్క పోలికతోనే నిరూపణ పూర్తవుతుందా, లేక మధ్యలో మరో మెట్టు అవసరమా? తెలిసినవారు ఎనిమిదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా, దయచేసి ఒక ఉదాహరణతో వివరించగలరు.