ఐసోసయనేట్ లేని సీలెంట్లకే మారిపోవాలా, ఉన్న పాలీయురెథేన్‌నే సురక్షితం చేసుకోవాలా?

తేమశత్రువు:
సీలెంట్లు, జిగుర్లు తయారుచేసే వాళ్లలో ఈ మధ్య రెండు వర్గాలు కనబడుతున్నాయి. పాలీయురెథేన్‌ని పూర్తిగా పక్కనపెట్టి, చివర్లో సైలేన్ (సిలికాన్ మూలకం ఉన్న) గుంపులుండే పాలిమర్లకు మారిపోదాం అనేవాళ్లు ఒక వైపు, పాలీయురెథేన్‌లోనే ప్రమాదాన్ని తగ్గించుకుంటే చాలు అనేవాళ్లు ఇంకో వైపు. నేను మొదటి వైపే ఉన్నాను, కారణం పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు. పాలీయురెథేన్ తయారీకి వాడే ఎండీఐ, టీడీఐ లాంటి డైఐసోసయనేట్లు ఒక మనిషికి ఒకసారి పడకుండా పోయాయంటే, తర్వాత చాలా కొద్ది మోతాదు తగిలినా ఆస్తమా వచ్చేస్తుంది, చాలామంది ఆ పనే మానుకోవాల్సి వస్తుంది. యూరప్‌లో 2023 ఆగస్టు 24 నుంచి, విడి డైఐసోసయనేట్ (పాలిమర్‌లో కలవకుండా మిగిలినది) 0.1 శాతం దాటిన సరుకును వృత్తిగా వాడేవాళ్లకు శిక్షణ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ శిక్షణ మీదే ఆధారపడితే బరువంతా సీలెంట్ గన్ పట్టినవాడి మీద వేసినట్టు. ట్యూబులోంచే ఆ ప్రమాదాన్ని తీసేసే వీలున్నప్పుడు ఎందుకు తీసేయం? నేను చెప్పే సైలేన్ రకంలోదే అయిన సిలైల్ చివర్లున్న పాలీఈథర్‌ను జపాన్ కంపెనీ కనేకా 1970ల చివర్లోనే మార్కెట్‌లోకి తెచ్చింది, అంటే ఇదేమీ నిన్నటి కొత్త ప్రయోగం కాదు.

ల్యాబ్‌కోటు:
మీ బాధ అర్థమవుతోంది, కానీ "తీసేద్దాం" అనే ముందు ఆ రసాయనం ఏం పని చేస్తోందో చూడండి. ఐసోసయనేట్ గాల్లోని తేమతో కలిసి ముందు అమైన్ అవుతుంది, ఆ అమైన్ పక్కనున్న ఇంకో ఐసోసయనేట్‌ను పట్టుకుని యూరియా బంధంగా బిగుసుకుంటుంది. పాలీయురెథేన్‌కి చిరగని గట్టిదనం వచ్చేది ఎక్కువగా అక్కడినుంచే. సైలేన్ చివర్లతో సీలెంట్ మెత్తగా, సాగేలా బాగానే వస్తుంది, బరువు మోసే జిగురు కావాలన్నప్పుడు మాత్రం ఆ గట్టిదనం తెప్పించడానికి చాలా కష్టపడాలి.

ఇంకో మాట, ప్రీపాలిమర్ (ట్యూబులో నింపే సగం కట్టిన పాలిమర్) తయారయ్యాక మిగిలిన విడి ఐసోసయనేట్‌ను వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసి లాగేస్తే 0.1 శాతం కంటే కిందికి తేవచ్చు. అప్పుడు మిగిలేది పెద్ద అణువుకు అతుక్కుని ఉన్న ఐసోసయనేట్, అది మామూలు వేడికి గాల్లోకి లేవదు. చేతికి గ్లోవ్స్ ఎలాగూ కావాలి, చర్మానికి తగలడం కూడా మంచిది కాదు. ఊపిరితిత్తుల సమస్య మాత్రం చాలా వరకు అక్కడే తగ్గిపోతుంది. నన్నడిగితే మార్పు ఇక్కడ మొదలవ్వాలి.

గన్‌పట్టినవాడు:
నేను జాయింట్లు నింపే పనిలో ఉన్నాను, రెండు రకాలూ వాడతాను. మీరిద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది, వాసన. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడితే ఎవరూ చెప్పకుండానే కిటికీ తెరుస్తారు, ముక్కే చెప్తుంది. ఐసోసయనేట్ అలా చెప్పదు, వాసన తెలిసే సరికే పీల్చకూడనంత పీల్చేసి ఉంటాం. అందుకని "జాగ్రత్తగా వాడితే ఏం కాదు" అనే మాట ఈ సరుకు విషయంలో మిగతావాటికంటే బలహీనం. ల్యాబ్‌కోటు గారు చెప్పిన తక్కువ మోనోమర్ రకం, అంటే విడి ఐసోసయనేట్ లాగేసినది దొరికితే నేను అదే తీసుకుంటాను, కానీ ట్యూబు మీద ఆ విషయం కనబడేలా రాసి ఉండాలి కదా.

సిలికాన్‌రాణి:
"ఐసోసయనేట్ లేదు" అనే లేబుల్‌ను చూసి భద్రం అనుకోవడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. గట్టిపడేటప్పుడు ట్యూబులోంచి బయటికి ఏం వస్తోంది అనేది అసలు ప్రశ్న. మెథాక్సీ సైలేన్ గట్టిపడుతుంటే మెథనాల్ వస్తుంది. ఆక్సైమ్ రకం సిలికాన్‌లోంచి వచ్చే మీకో (మిథైల్ ఈథైల్ కీటాక్సైమ్) అనే పదార్థాన్ని యూరప్‌లో 2022 నుంచి క్యాన్సర్ కారక వర్గం 1బిలో పెట్టి చూస్తున్నారు, ఆ సిలికాన్‌లో ఐసోసయనేట్ ఒక్క చుక్క కూడా ఉండదు మరి! ఇక ఉత్ప్రేరకం సంగతి. సైలేన్ పాలిమర్లు త్వరగా గట్టిపడాలని చాలామంది డైబ్యుటైల్ టిన్ వేస్తారు, అది సంతానోత్పత్తికి హాని చేసే పదార్థం. మామూలు జనానికి అమ్మే సరుకులో అది టిన్ లెక్కన 0.1 శాతం దాటకూడదని యూరప్ 2012లోనే హద్దు పెట్టింది, సీలెంట్లలో కొన్ని రకాలకు 2015 దాకా గడువిచ్చింది.

అలాగని సైలేన్ వద్దని నేననను. మెథాక్సీ బదులు ఎథాక్సీ వాడితే బయటికి వచ్చేది ఎథనాల్, కాకపోతే గట్టిపడటం నెమ్మదిస్తుంది. సైలేన్‌ను నత్రజనికి ఒక్క కార్బన్ దూరంలో పెట్టే ఆల్ఫా రకం పాలిమర్లు చాలా చురుగ్గా ఉంటాయి, వాటికి టిన్ అక్కర్లేకుండానే పని జరుగుతుంది. నిజంగా సురక్షితం అనిపించుకోవాలంటే వెళ్లాల్సిన దారి అది, పేరు మార్చిన పాత ఫార్ములా కాదు.

తేమశత్రువు:
టిన్ విషయంలో మీతో వంద శాతం ఏకీభవిస్తాను. కానీ మెథనాల్‌ను డైఐసోసయనేట్‌తో ఒకే గాటన కట్టకండి. కిటికీ తెరిస్తే మెథనాల్ మోతాదు తగ్గుతుంది, దాంతో ప్రమాదమూ తగ్గుతుంది. ఒకసారి ఐసోసయనేట్ పడని ఒంటికి కిటికీ తెరిచినా సరిపోదు. శాశ్వతంగా మిగిలే హానిని, మోతాదుతో తగ్గే హానిని ఒకే పట్టికలో పక్కపక్కన రాయడం నాకు నచ్చదు.

కొత్తబ్యాచ్:
నేను పాలిమర్ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఐసోసయనేట్ లేకుండానే పాలీయురెథేన్ చేయొచ్చని, సైక్లిక్ కార్బోనేట్‌ను అమైన్‌తో కలిపితే చాలని మా క్లాసులో చెప్పారు. దాని గురించి ఎవరూ ఎత్తలేదేం?

ల్యాబ్‌కోటు:
మంచి ప్రశ్న తమ్ముడూ. దాంట్లో రెండు చిక్కులున్నాయి. ఒకటి, మామూలు గది వేడిలో ఆ చర్య చాలా నెమ్మది. రెండోది ఈ చర్చకు ఇంకా ముఖ్యం, ప్రతి బంధం దగ్గరా ఒక హైడ్రాక్సిల్ (ఓహెచ్) గుంపు మిగిలిపోతుంది, దానికి నీళ్లంటే ఇష్టం. మిగతా పాలిమర్ గొలుసును నీటికి దూరంగా ఉండేలా మార్చకపోతే తడిలో ఉబ్బి మెత్తబడుతుంది. లోహానికీ గాజుకీ పట్టు బాగుండేది కూడా ఆ గుంపు వల్లే అనుకో. నీటిని దూరంగా పెట్టే గొలుసులతో ప్రయత్నాలు జరుగుతున్నాయి, పరిశోధనకు మంచి అంశం, వదలకు.

గన్‌పట్టినవాడు:
మీరందరూ ఆరోగ్యం దగ్గరే ఆగిపోయారు, తడి సంగతి ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. తేమకు తట్టుకునే సీలెంట్ అని రాస్తారు, అంటే ఏంటి? ఆవిరిని ఆపుతుందా, లేక తడిలో ఉన్నా చెడదా? సిలికాన్‌లోంచి ఆవిరి సులువుగా దాటిపోతుంది, అయినా సిలికాన్ చెడదు. రెండు అద్దాల మధ్య గాలి పొర ఉండే కిటికీల్లో ఆవిరిని ఆపడానికి పాలీఐసోబ్యుటిలీన్ పెడతారు, ఆ పని సిలికాన్ చేయలేదు.

సిలికాన్‌రాణి:
సరిగ్గా అసలు ముడి దగ్గరికే తెచ్చారు. ఒక్క ట్యూబులో వచ్చే సీలెంట్ గాల్లోని తేమను లోపలికి రానిస్తేనే గట్టిపడుతుంది. ఆవిరిని బాగా ఆపే పాలిమర్ అయితే పైపొర గట్టిపడ్డాక లోపలికి తేమ చేరక రోజుల తరబడి పచ్చిగానే ఉండిపోతుంది. మామూలు సీలెంట్‌కే మొదటి రోజు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గట్టిపడితే, ఆ లోతు రెట్టింపు కావాలంటే సమయం నాలుగింతలు పడుతుంది. కాబట్టి ఆవిరిని ఆపడం, తేమతో గట్టిపడటం రెండూ ఒకే పదార్థంలో బాగా కావాలని అడిగితే రసాయనం ఒప్పుకోదు, రెండు భాగాలుగా కలిపి వాడే రకానికి వెళ్లాలి.

తడిలో చెడకపోవడం వేరే లెక్క, అక్కడ చివరి గుంపు ఒక్కటే కాదు, మధ్యలో ఉన్న గొలుసు కూడా చూడాలి. పాలీఎస్టర్ గొలుసున్న పాలీయురెథేన్‌ను వేడీ తడీ కలిసి ముక్కలు చేస్తాయి, పాలీఈథర్ గొలుసు ఆ విషయంలో చాలా నయం, కాకపోతే దానికి ఎండలోని యూవీ పడదు. "పాలీయురెథేన్ నీటికి ఆగుతుంది, సైలేన్ ఆగదు" అని ఒక్క వాక్యంలో తేల్చేవాళ్లు ఏ గొలుసు గురించి మాట్లాడుతున్నారో ముందు చెప్పాలి.

ల్యాబ్‌కోటు:
గొలుసు విషయం ఒప్పుకుంటాను. కానీ ఎక్కువమంది సీలెంట్ పోగొట్టుకునేది గొలుసు తెగి కాదు, అతుకు దగ్గర. నీటి అణువు జిగురుకూ ఉపరితలానికీ మధ్య దూరి పట్టు వదిలిస్తుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే కాంక్రీటు, పైగా క్షారగుణం ఉన్నది, సైలేన్ బంధాలకు అక్కడ పరీక్ష ఎక్కువ. అలాంటి చోట ప్రైమర్‌తో (పట్టు కోసం ముందు పూసే పూతతో) వాడే తక్కువ మోనోమర్ పాలీయురెథేన్‌ను వదులుకోమంటే నేను వదులుకోను.

తేమశత్రువు:
అయితే ఎక్కడ ఏది అన్నది తేల్చుకుందాం. మూసి ఉన్న గదుల్లో, శిక్షణ లేని చేతులు వాడే చిన్న పనుల్లో ఐసోసయనేట్ ఉన్న ట్యూబు ఉండకూడదని నా మాట, దానిమీద వెనక్కి తగ్గను. మునిగి ఉండే కాంక్రీటుకు మాత్రం, నీళ్లలో నానబెట్టి సాగదీసి చూసే ఐఎస్ఓ 10590 లాంటి పరీక్షలో, ఆ కాంక్రీటు మీదే, సైలేన్ రకం నిలబడ్డ ఫలితం చూపించేవరకు తక్కువ మోనోమర్ పాలీయురెథేన్ ఉండనివ్వండి. అమ్మేవాళ్లు కూడా పొడి ఫలితం ఒక్కటే డేటా షీట్‌లో వేసి ఊరుకోకూడదు, తడి ఫలితమూ, గట్టిపడేటప్పుడు బయటికొచ్చే పదార్థం పేరూ దాని పక్కనే రాయాలి.

గన్‌పట్టినవాడు:
షీట్ మీద కాదండీ, ట్యూబు మీదే రాయమనండి. పనిచేసే చోటికి షీట్ ఎవరూ తీసుకురారు.