లగ్నంలో కుజుడుంటే కోపం ఎక్కువా? ప్రాజెక్టుకు సలహా కావాలి

ప్రశ్న (అనంతపురం): అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నా. కుజుడు లగ్నంలో (పుట్టినప్పుడు తూర్పున ఉదయిస్తున్న రాశిలో) ఉంటే కోపిష్టి అంటారు కదా, దాన్నే ప్రాజెక్టుగా తీసుకున్నా. హాస్టల్లో 240 మంది పుట్టిన తేదీ, టైము, ఊరు ఇస్తామన్నారు. కోపం కొలిచేదానికి ప్రశ్నావళి ఉంది. తొమ్మిది గ్రహాలనూ పన్నెండు భావాల్లో (లగ్నం నుంచి లెక్కపెట్టే జాతకంలోని పన్నెండు గళ్లు) చూసి, ఎక్కడ తేడా వస్తే అది రాయొచ్చా? మా తాత జాతకాలు చూసేవాడు. ఇది నిక్కచ్చిగా చేయాలని నా ఆశ.

జవాబు (కర్నూలు): తమ్ముడూ, మంచి అంశం పట్టినావు. కానీ అట్లా వెతకొద్దు. 9 గ్రహాలు, 12 భావాలంటే 108 పరీక్షలు. 5 శాతం స్థాయి (అంటే ప్రభావం లేకున్నా ఉందని పొరబడే అవకాశం నూటికి ఐదు) పెట్టుకుంటే, గ్రహాల ప్రభావం ఏమీ లేకున్నా ఐదారు చోట్ల తేడా కనపడుతుంది. డేటా తెరవకముందే ‘లగ్నంలో కుజుడు, కోపం స్కోరు’ అని ఒక్కటే రాసి గైడుకు ఇచ్చేయ్.

240 మందిలో కుజుడు లగ్నంలో ఉండేది పన్నెండో వంతు, అంటే సుమారు 20 మందికే. దాంతో చిన్న తేడా తేలదు, పక్క కాలేజీల్లోనూ అడుగు. పైగా ముహూర్తం చూసి సిజేరియన్ చేయించే రోజులివి, పన్నెండో వంతు లెక్క కూడా కచ్చితంగా ఉండదు. అందుకే స్కోర్లను జాతకాల మధ్య తారుమారు చేసి వెయ్యిసార్లు లెక్కెయ్. నీకొచ్చిన అసలు తేడా వాటిలో ఎక్కడ పడుతుందో చూడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ‘నీకు కుజుడు లగ్నంలో ఉన్నాడు, కోపం తగ్గించుకో’ అని చిన్నప్పటినుంచి వింటూ పెరిగినవాడు ప్రశ్నావళిలో కూడా అదే రాస్తాడు. జాతకం తెలుసా అని విడిగా అడిగి, తెలియనివాళ్లను వేరుగా చూడు. వీలైతే జాతకం తెలియని రూమ్మేటుతో కూడా స్కోరు వేయించు.

జవాబు (కడప): ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ గారి బృందం 2008లో పుణెలో చేసిన పరీక్ష చదువు నాయనా. తెలివైన పిల్లలవి 100, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లవి 100 జాతకాలు తీసుకున్నారు. 27 మంది జ్యోతిష్కులు తలా 40 చూసి, ఏది ఎవరిదో చెప్పాలి. సరిపోయినవి 46 శాతం. బొమ్మాబొరుసు వేసినా 50 వస్తుంది. జవాబు తెలియకుండా చూపించడమే అందులో నీకు పనికొచ్చేది.

ప్రశ్న (అనంతపురం): చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. శనిని కూడా చేర్చనా?

జవాబు (కర్నూలు): రాశిని బట్టి అయితే వద్దు. శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్లుంటాడు. ఒకే బ్యాచ్ పిల్లల్లో చాలామందికి అదే రాశి వస్తుంది, తేడా శనిదో వయసుదో విడదీయలేవు. లగ్నం లెక్కకు లాహిరి అయనాంశ (రాశుల మొదలు ఎక్కడినుంచి లెక్కపెట్టాలో చెప్పే సవరణ, ఇందులో రకాలున్నాయి) అని ఇప్పుడే రాసిపెట్టుకో. ఫలితం చూసినాక రామన్ అయనాంశకు మారితే, 108 పరీక్షల చిక్కు మళ్లీ వచ్చి పడుతుంది.