గుజ్జు ఫ్యాక్టరీ మేనేజర్లకు ముందుచూపు లేదా?

చిత్తూరు కుర్రోడు:
2025 సీజన్లో తోతాపురి మామిడిని అడిగే నాథుడే లేకపోయాడు. చివరికి రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా ప్రభుత్వం లెక్క కట్టింది: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. పాత గుజ్జే అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలన్నాయి. ఇది మేనేజర్ల ముందుచూపు లోపమేనని నా వాదన. కాదంటారా?

గుజ్జు మేనేజరు (రిటైర్డ్):
గట్టు మీద కూర్చుని చెప్పడం సులువు బాబూ. కాయ వచ్చేది కొన్ని వారాలే. 215 కిలోల డ్రమ్ములు ఆ కాస్త టైములోనే నింపి పెట్టుకోవాలి, అమ్ముకునేది ఏడాది పొడుగునా. మధ్యలో ఏమైనా జరగొచ్చు. 2023 చివర ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, యూరప్ సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది. పిందె నిలిచే నాటికే దాన్ని ఎవడు పసిగడతాడు?

ఎంబీఏ తిరుపతి:
పసిగట్టమని ఎవరూ అనట్లేదు సార్. 1970ల మొదట్లో షెల్ అనే చమురు కంపెనీలో పియర్ వాక్ బృందం చేసింది జోస్యం కాదు. చమురు ధర ఎగబాకితే మన పరిస్థితేంటి అనే కథల్ని పై మేనేజర్ల ముందు పెట్టింది. 1973లో సంక్షోభం రానే వచ్చింది. వాళ్ల గొప్పంతా ఏ తేదీనో చెప్పడంలో లేదు, ధర ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న ధీమాను ముందే కదిలించడంలో ఉంది. మన దగ్గర మేనేజరు పోయినేడు అమ్మిన ధరనే ఇంకో పదిశాతం పెంచి 'ప్లాన్' అంటాడు.

దామలచెరువు రైతు:
షెల్లు గిల్లు పక్కన పెట్టండప్పా. గేటు ముందర ట్రాక్టరు రాత్రంతా నిలబడి ఉంటే, తెల్లారేసరికి కాయ మెత్తబడిందని రేటు కోస్తారు. ఆయన అంచనా తప్పితే నష్టం నాది. ఇంక ఆయనకు ముందుచూపు యాడినుంచి వస్తాది?

గుజ్జు మేనేజరు (రిటైర్డ్):
అన్నా, నీ మాట నిజమే, కొట్టిపారేయను. ఎంబీఏ బాబుకు ఒక్క సంగతి. మేము మూడు లెక్కలు వేసేవాళ్లమే: ఆర్డర్లన్నీ వస్తే, సగమే వస్తే, ఓడ ఆలస్యమైతే. ఓనరు దగ్గరికి తీసుకుపోతే 'నాకు మూడొద్దు, ఒకటి చెప్పు' అనేవాడు. ఆయన తప్పూ కాదు. వర్కింగ్ క్యాపిటల్ అప్పుకు, అంటే కాయ కొనడానికి, ఫ్యాక్టరీ నడపడానికి తెచ్చే అప్పుకు, బ్యాంకు ఫారంలో రాసిచ్చేది ఒక్క అంకె. మూడూ రాస్తే మీకే నమ్మకం లేదంటారు. సహజంగా అన్నిటికంటే తియ్యటి అంకే పోయి ఆ గడిలో కూర్చుంటుంది.

చిత్తూరు కుర్రోడు:
అంటే లోపం చూపులో కాదు, ఫారంలో అంటారా? కాస్త అనుకూలంగా ఉంది సార్ ఈ జవాబు :)

దామలచెరువు రైతు:
ఆ 'సగమే వస్తే' లెక్క మాకూ ముందే చెప్పుంటే, కొంత పచ్చికాయకే అమ్ముకునేవాళ్లం గదా?

గుజ్జు మేనేజరు (రిటైర్డ్):
చెప్తే, ఆర్డర్లన్నీ వచ్చిన ఏడాది కాయ మాకేడ మిగుల్తాదన్నా?