జాలీ గోడ: నకలు కాకుండా స్ఫూర్తి తీసుకోవడం ఎలా?

ప్రశ్న:
పడమటి వరండాకి మష్రబియా (అరబ్ ఇళ్లలోని చెక్క జాలీ) తరహా తెర గీస్తున్నాను. 3 మి.మీ. రేకు, లేజర్‌తో 50 మి.మీ. చదరపు రంధ్రాలు. ఉత్త అలంకారంగా మిగలకుండా ఏం చూడాలండీ?

జవాబు 1:
ముందు మందం చూడండి, నమూనా తర్వాత. ఎండ ఎదురుగా పడేటప్పుడు, రంధ్రం ఎత్తూ లోతూ సమానమైతే సూర్యుడు దిగంతం నుంచి 45 డిగ్రీలు దాటి పైనున్నంతసేపు నేరుగా ఎండ రాదు. మీ రేకుకి లోతు 3 మి.మీ. మాత్రమే, కాబట్టి నడినెత్తి ఎండ తప్ప అంతా లోపలికి దూరుతుంది. అదే రంధ్రాన్ని 100 మి.మీ. మందపు టెర్రకోట బ్లాకులో పెడితే సూర్యుడు సుమారు 27 డిగ్రీలకి దిగేవరకు ఎండ ఆగుతుంది. సాయంత్రం అంతకంటే కిందికి దిగిన ఎండని జాలీ ఆపదు. దానికి కాస్త దూరంలో చెట్టో, తిప్పుకోగలిగే నిలువు పలకలో కావాలి.

జవాబు 2:
పారిస్‌లోని అరబ్ ప్రపంచ సంస్థ భవనం (1987) చూడండి. ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్ బృందం దక్షిణ ముఖాన్ని వెలుతురుని బట్టి తెరుచుకుని మూసుకునే లోహపు కంటిపాపలతో నింపింది. అద్భుతమైన ఆలోచనే, కానీ కదిలే భాగాలు మొరాయించి పెద్ద మరమ్మతు అవసరమైంది. నిర్వహణ కష్టమైతే కదలని తెరే మేలు.

జవాబు 3:
ఫొటోలకన్నా సెక్షన్ డ్రాయింగులు (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలు) సేకరించండి. బుర్కినా ఫాసోలో ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరె కట్టిన గాండో బడి (2001) అందం ఫొటోలో సగమే తెలుస్తుంది. మట్టి ఇటుకల లోకప్పుకీ పైనున్న రేకుకీ మధ్య ఖాళీలోంచి వేడి గాలి బయటికి పోతుంది. తీసుకోవాల్సింది ఆ ఖాళీనే.