అప్‌డేట్: ఒకటో తరగతి గదికి పెళ్లి పత్రికల అక్షరాలు, చీపురు పుల్లల లెక్కలు

జూన్ 12న బడి తెరిచేలోగా, చెమ్మ గోడలున్న ఒకటో తరగతి గదిని తక్కువ ఖర్చుతో ఎలా సిద్ధం చేయాలని మే నెలలో మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినట్టే చార్టులను గోడకు అంటించడం మానేసి, కిటికీకీ కిటికీకీ మధ్య పిల్లల కంటి ఎత్తులో పురికొస కట్టి, పాత పెళ్లి పత్రికల వెనుకవైపు రాసిన అక్షరాలను బట్టల క్లిప్పులతో వేలాడదీశాను.

గుణింత చక్రం మాత్రం మొదటిసారి చెడింది. లోపలి అట్టపై హల్లులు, బయటి అట్టపై గుణింతపు గుర్తులు రాసి తిప్పితే, గుడి వచ్చినప్పుడు పోవలసిన తలకట్టు అలాగే నిలిచి, 'కి' అనే అక్షరం నాకే గుర్తుపట్టరాకుండా తయారైంది. హల్లులను తలకట్టు లేకుండా తిరగరాసి, తలకట్టును కూడా బయటి గుర్తుల్లో చేర్చాక చాలావరకు కుదిరింది కానీ, 'మొ', 'యొ' వంటివి ఎంతకీ దారికి రాకపోవడంతో మ, య గుణింతాలకు విడి కార్డులు చేశాను.

లెక్కలకు చీపురు పుల్లలను సమానంగా కత్తిరించి, కొనలు గుచ్చుకోకుండా ఉప్పుకాగితంతో రుద్ది, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లతో కట్టాను. 23 అడిగితే పిల్లలు రెండు కట్టలు, మూడు విడి పుల్లలు తెచ్చి చూపుతున్నారు.